కొత్త పగడాల తొట్టిలో నాచు, పాచి: తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల చెరువులో నీటికి రంగు కట్టకపోతే రైతుకు నిద్ర పట్టదు. పగడాల తొట్టిలో నీటికి రంగు కడితే యజమానికి నిద్ర పట్టదు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు చెరువుల మీద పదేళ్లు టెక్నీషియన్‌గా తిరిగి, ఆ తరువాత నెల్లూరులో మా ఇంటి హాల్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నవాడిని కాబట్టి ఈ రెండు బాధలూ నాకు తెలుసు. కావలి నుంచి, ఒంగోలు నుంచి, సింగరాయకొండ నుంచి ఫోను చేసేవారి ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. అడిగేవారిలో సగం మంది రొయ్యల రంగంలోనివారే. చెరువు గట్టున నేర్చుకున్నది కొంత ఇక్కడ పనికొస్తుంది, కొంత నిండా ముంచుతుంది.

తొట్టి పెట్టి మూడు వారాలైంది. ఇసుక, రాళ్లు, అద్దం అన్నిటి మీదా గోధుమరంగు పొడి చల్లినట్లు ఉంది. ఏదైనా తప్పు చేశానా?

లేదు. అవి డయాటమ్‌లు, అంటే ఒంటికణపు సూక్ష్మ నాచు. చెరువులో వీటిని చూస్తే సంతోషిస్తాం. రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల్లో కీటోసెరాస్, స్కెలిటోనీమా పెంచి మరీ రొయ్య లార్వాకు మేతగా పోస్తారు. అవీ డయాటమ్‌లే. వీటి కణం చుట్టూ సిలికాతో చేసిన గుల్ల ఉంటుంది. కొత్త నీటిలో, కొత్త ఇసుకలో, కొత్త రాళ్లలో కరిగిన సిలికేట్ ఎంత దొరికితే అంత వాడుకుని పెరుగుతాయి, అది అయిపోగానే తగ్గిపోతాయి. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల కథ. అద్దం తుడవండి, ఇసుకను మాత్రం రోజూ కెలకవద్దు. రెండు నెలలు దాటినా పొడి తగ్గకపోతే మీరు పోసే నీటిలోనే సిలికేట్ వస్తోందని అర్థం. నీటి గురించి కింద రాశాను.

ఈ వికారపు దశ ఎంతకాలం ఉంటుంది?

నాలుగు నుంచి ఆరు నెలలు. ఈ మాట వినగానే కొందరు ఫోను పెట్టేస్తారు.

దున్ని వదిలేసిన మడిలో ముందుగా మొలిచేది వరి కాదు, గడ్డి. కొత్త రాయి కూడా ఖాళీ నేలే. మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఇసుకలో, రాళ్లలో కుదురుకుంటుంది. ఆ రోజుల్లోనే గోధుమరంగు డయాటమ్‌లు వస్తాయి. తరువాత పచ్చటి పొర, జుట్టులాంటి నాచు, మధ్యలో ఎప్పుడో ఎర్రటి జిగురు పొర. వరస అటూ ఇటూ కావచ్చు, అన్నీ అందరికీ రాకపోవచ్చు. రాతి మీద గులాబీ మచ్చలు పరుచుకుని, కంటికి కనిపించని సూక్ష్మజీవులు చోటు ఆక్రమించేకొద్దీ నాచుకు కాలు మోపే జాగా తగ్గుతుంది. మనం చేయగలిగిందల్లా ఆ గడువులో నాచుకు మేత వేయకుండా ఉండటం. చెరువులో నీటికి మేత వేసి రంగు తెప్పిస్తాం, ఇక్కడ నీటిని పస్తు పెట్టకుండా, అలాగని కడుపు నింపకుండా నడపాలి.

అన్నీ పాచిలాగే కనిపిస్తున్నాయి. ఏది ఏదో ఎలా పోల్చుకోవాలి?

కంటితో, వేలితో, కొంతవరకు ముక్కుతో. చేతికి గ్లౌజు వేసుకోండి.

అద్దం మీద పల్చటి పచ్చ పొర అయితే దాని గురించి ఆలోచించడమే వృథా. పదేళ్ల తొట్టిలోనూ అది ఉంటుంది. రెండు మూడు రోజులకు ఒకసారి తుడిస్తే చాలు.

రాతిని పట్టుకుని, వేళ్ల మధ్య లాగితే తడిజుట్టులా పోగులుగా వస్తే అది జుట్టు నాచు. అదే పచ్చదనం, కానీ ప్రతి పోగూ చిన్న ఈకలా చీలి ఉంటే బ్రయాప్సిస్. ఇది మొండిది. పచ్చటి గోళీల్లా రాతి సందుల్లో మెరిసేది వలోనియా. దాన్ని చిదమకుండా, మొదలుతో సహా ఊడదీసి, సన్నపైపుతో అక్కడికక్కడే బయటికి లాగేయాలి.

ఎర్రగానో, ముదురు ఊదాగానో దుప్పటి పరచినట్లు ఉండి, లేపితే పాల మీది మీగడలా ఒకే పొరగా లేచివస్తే అది సయనోబాక్టీరియా. బయటికి తీస్తే ముక్కిపోయిన వాసన వేస్తుంది. పేరులోనే ఉంది, అది నాచు కాదు, కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా.

గోధుమరంగు చీమిడిలా వేలాడుతూ, పోగుల చివర గాలిబుడగలు పట్టుకుని, పొద్దున తక్కువగా ఉండి మధ్యాహ్నానికి మళ్లీ కమ్మేస్తే డైనోఫ్లాజెలేట్లు అనే ఈదే ఒంటికణపు జీవులను అనుమానించండి. డయాటమ్‌లకూ వీటికీ తేడా తెలియక చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. ఒక చిన్న పరీక్ష ఉంది. కొంచెం పాచిని తొట్టి నీటితో సహా సీసాలో తీసుకుని గట్టిగా కుదిపి, కాఫీ వడపోసే కాగితంలో వడకట్టి, కిందికి దిగిన నీటిని లైటు కింద గంటసేపు ఉంచండి. ఆ తేటనీటిలో మళ్లీ జిగురు పోగులు కడితే దాదాపు అవే. ఖాయం చేసుకోవాలంటే మన జిల్లాలో ఒక సదుపాయం ఉంది. తీరం పొడవునా ఆక్వా ల్యాబులున్నాయి, వాటిలో ప్లాంక్టన్ చూసే మైక్రోస్కోపు ఉంటుంది. నమూనా ఇచ్చి, డయాటమా, డైనోఫ్లాజెలేటా అని అడగండి. హైదరాబాదులో ఈ అభిరుచి ఉన్నవాళ్లకు కూడా ఇంత దగ్గరలో ఇలాంటి సాయం దొరకదు.

ల్యాబులో నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా అని రాసిచ్చారు. మరి రాళ్ల నిండా నాచు ఎలా పెరుగుతోంది?

గాదె ఖాళీగా ఉందంటే పంట పండలేదని కాదు, తినేవాళ్లు ఎక్కువ ఉన్నారని. పరీక్ష చూపేది నీటిలో మిగిలినదాన్ని. వచ్చింది వచ్చినట్లు నాచు పీల్చేసుకుంటే నీటిలో ఏమీ మిగలదు. కాబట్టి నాచు దట్టంగా ఉన్న తొట్టిలో సున్నా అంకెను నమ్మవద్దు.

ఇంకో సంగతి. పగడాల తొట్టిలో ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉండాలని చూస్తాం, నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం. చెరువు నీటికి వాడే రంగుచుక్కల పరీక్షలో ఫాస్ఫేట్ ఇంత సన్నటి తేడా తెలియదు. అంకె చూపించే చిన్న కలరీమీటరు కొనుక్కోవడం మంచిది. ఆల్కలినిటీ (నీటి క్షారత), కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా మాత్రం మన ల్యాబుల్లో నిశ్చింతగా చేయించుకోవచ్చు. వాళ్లు ఆల్కలినిటీని పీపీఎంలో ఇస్తారు, పగడాల పుస్తకాలు డీకేహెచ్ అనే మరో కొలతలో చెబుతాయి. 8 నుంచి 9 డీకేహెచ్ అంటే సుమారు 140 నుంచి 160 పీపీఎం. కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 ఉంటే చాలు.

ఇంట్లో ఆర్వో ఫిల్టరు ఉంది. ఆ నీరు సరిపోతుందా? మినరల్ వాటర్ క్యాన్ పోయవచ్చా?

నాచు మీద వచ్చే ప్రశ్నల్లో సగానికి జవాబు ఇక్కడే ఉంది. కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను.

తాగునీటి ఆర్వోలో రుచి కోసం కొంత నీటిని పక్కదారిలో కలిపే మీట ఉంటుంది, లేదా ఖనిజాలు కలిపే చిన్న గొట్టం ఉంటుంది. అందుకే బయటికి వచ్చే నీటి టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న పదార్థాలు, మిల్లీగ్రాముల్లో) 40, 60, కొన్ని ఇళ్లలో 100 కూడా ఉంటుంది. తాగడానికి మంచిదే, తొట్టికి కాదు. క్యాన్ నీరూ అంతే. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పన, లోపలికి వెళితే కనిగిరి, దర్శి వైపు ఫ్లోరైడు. అటువంటి నీటితో మొదలుపెట్టినప్పుడు ఆర్వో పొర మీద భారం మరీ ఎక్కువ. ఆర్వో తరువాత డీఐ రెజిన్ గొట్టం (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలున్న గొట్టం) ఒకటి తగిలించుకోండి. టీడీఎస్ మీటరు సున్నా చూపాలి.

సున్నా చూపుతున్నా ఒక మోసం ఉంది. రెజిన్ అరిగిపోతున్నప్పుడు ముందుగా జారిపోయేది సిలికానే, మీటరు అంకె పెరగకముందే. డయాటమ్‌లు ఆగి మళ్లీ మొదలయ్యాయంటే నేను ముందు రెజిన్ మారుస్తాను, తరువాతే మిగతావి ఆలోచిస్తాను.

ఏసీ నుంచి కారే నీరు పట్టి పోస్తున్నామని ఇద్దరు ముగ్గురు గర్వంగా చెప్పారు. ఆ నీరు రాగి గొట్టాల పక్కనుంచి, దుమ్ము మీదుగా వస్తుంది. రాగి అతి కొద్దిగా ఉన్నా నత్తలకు, రొయ్యలకు, పగడాలకు విషం. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే నీరు అత్యవసరానికి వాడవచ్చు, కానీ సీసా సీసాకీ మీటరు పెట్టి చూశాకే.

మైపాడు బీచ్ పాతిక కిలోమీటర్లే. సముద్రపు నీరే తెచ్చి పోయకూడదా? ఉప్పు ఖర్చు మిగులుతుంది.

ఒడ్డు నీరు వద్దు. పెన్న సముద్రంలో కలిసేది ఆ చుట్టుపక్కలే. కాలువల గుండా చెరువుల నీరూ అక్కడికే చేరుతుంది, అంటే మనం చెరువులో వేసిన మేతలో మిగిలిన నత్రజని, భాస్వరం కూడా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఉప్పుశాతం పడిపోతుంది, నీరు బురదగా ఉంటుంది. కొత్తపట్నం, పాకల దగ్గరైనా ఒడ్డున ఇదే సమస్య. పగడాలు సహజంగా పెరిగే తీరం మనది కాదు. మనకు దగ్గరివి తమిళనాడులోని పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖ ప్రాంతాలు. తేటనీటికి అలవాటుపడిన జీవులకు మన ఒడ్డునీరు సరిపడదు.

హేచరీవారి నీరు వేరు. వాళ్లు సముద్రపు నీటిని నిలువ చేసి, తేర్చి, వడకట్టి, క్లోరిన్‌తో శుద్ధి చేస్తారు. తెలిసినవారు ఉంటే, వేసవిలో, క్లోరిన్ పూర్తిగా పోయిందని తేల్చుకుని, ఉప్పుశాతాన్ని 35 పీపీటీకి (కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు) సరిచేసుకుని వాడవచ్చు. నేను రెండేళ్లు వాడాను, ఒక వానాకాలం తరువాత మానేశాను. వారం వారం అంకె మారుతుంటే పగడాలకంటే నాకే నీరసం వచ్చింది.

ఇస్కపల్లి ఉప్పు కలుపుకోవచ్చా? అదీ సముద్రపు ఉప్పే కదా?

సముద్రం నుంచి వచ్చిందే, కానీ సముద్రం మొత్తం అందులో లేదు. ఉప్పు మడిలో నీరు ఆవిరయ్యేటప్పుడు ముందు కాల్షియం జిప్సంగా పేరుకుపోతుంది. తరువాత మామూలు ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం చివరికి మిగిలిన చేదునీటిలో ఉండిపోతుంది, ఆ నీటిని పారబోస్తారు. మడి నుంచి తెచ్చిన ఉప్పును మళ్లీ నీటిలో కలిపితే ఊరగాయకు పనికొచ్చే ఉప్పునీరు వస్తుంది. పగడాల కోసం తయారుచేసిన ఉప్పే కొనండి.

వేసవిలో నాచు ఎందుకు ఒక్కసారిగా పెరుగుతుంది?

రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ గురించి నేను చెప్పనక్కరలేదు. బయట 42 దాటిన రోజున, ఏసీ లేని గదిలో తొట్టి నీరు 31, 32 డిగ్రీలకు పోతుంది. మనకు కావలసింది 25 నుంచి 27. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది, కుళ్లడం వేగంగా జరుగుతుంది, ఎర్రపొర పండగ చేసుకుంటుంది.

దీనికి విరుగుడుగా ఫ్యాను పెడతాం. ఫ్యానుతో నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం తొట్టిలోనే ఉంటుంది. తగ్గిన నీటిని కుళాయి నీటితో నింపారనుకోండి. లెక్క వేద్దాం. రోజుకు 3 లీటర్లు, నెలకు 90 లీటర్లు. ఆ నీటి టీడీఎస్ 300 అయితే నెలలో 27 గ్రాముల అక్కరలేని పదార్థం తొట్టిలో చేరింది. అందులో సిలికేట్, నైట్రేట్, ఫాస్ఫేట్ ఏవైనా ఉండవచ్చు. ఇది మూడు నెలలు సాగితే ఎన్ని నత్తలు తిన్నా ఆ నాచు తరగదు. ఆవిరైన నీటికి బదులు పోయాల్సింది ఉప్పు లేని, సున్నా టీడీఎస్ నీరు, రోజూ, కొద్దికొద్దిగా.

లైటు రోజుకు ఎన్ని గంటలు వెలగాలి?

పగడాలు పెట్టకముందు అసలు ఎవరి కోసం వెలిగిస్తున్నారు? మొదటి నెల గది వెలుగు చాలు. చేపలు వచ్చాక సాయంత్రం చూసుకోవడానికి నాలుగైదు గంటలు. పగడాలు వచ్చాక ఎనిమిది గంటలు, టైమరు పెట్టి. ఎల్‌ఈడీలో నీలం ఎక్కువ, తెలుపు తక్కువ, ఎరుపు, పచ్చ నామమాత్రం. తూర్పు కిటికీ ఎదురుగా తొట్టి పెట్టినవారు ఉదయపు ఎండను ఈ లెక్కలో కలపడం మరచిపోతారు. కర్టెన్ వేయండి, లేదా తొట్టిని జరపండి.

మేత ఎంత వేయాలి? మా దగ్గర రొయ్యల మేత బస్తాలున్నాయి, అది వేయవచ్చా?

రొయ్యల మేత వద్దు. అది నీటి అడుగున గంటల తరబడి ఉండేలా చేసినది, రెండు చేపలున్న తొట్టిలో మిగిలేదంతా నాచుకే. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంత వేయండి, రోజుకు ఒకసారి. గడ్డకట్టించిన ఆర్టీమియా (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) వాడితే కరిగించి, సన్నటి వలలో వేసి, ఆ ద్రవాన్ని సింకులో పారబోసి, మిగిలిన ఆర్టీమియాను మాత్రమే తొట్టిలో వేయండి. పిల్లలకు మేత వేసే పని అప్పగించకండి. వాళ్లకు చేపలు ఎప్పుడూ ఆకలితో ఉన్నట్లే కనిపిస్తాయి.

చెరువులో వాడేవి, మైలుతుత్తం, బ్లీచింగ్, జియోలైట్, బెల్లం కలిపిన ప్రోబయోటిక్, వీటితో పని కాదా?

చెరువు మీద పెరిగినవారి చేయి ముందుగా వీటి మీదికే పోతుంది. నా చేయీ పోయింది.

మైలుతుత్తం రాగి. నాచును చంపుతుంది, దాంతోపాటు నత్తను, పీతను, పగడాన్ని కూడా. అంతటితో ఆగదు. రాతిలోకి, ఇసుకలోకి దిగి నెలల తరబడి మళ్లీ నీటిలోకి ఊరుతూనే ఉంటుంది. ఒకసారి పోసిన తొట్టిలో ఆ రాళ్లను పగడాలకు మళ్లీ వాడకపోవడమే మేలు.

బ్లీచింగ్ వేస్తే నాలుగు వారాలు కష్టపడి కుదుర్చుకున్న బాక్టీరియా ఒక్క పూటలో పోతుంది. ఖాళీ తొట్టి కడగడానికైతే సరే.

జియోలైట్ అనే ఖనిజం మంచినీటిలో అమ్మోనియాను బాగా పట్టుకుంటుంది. ఉప్పునీటిలో సోడియం పోటీకి వచ్చి ఆ జాగాలను ఆక్రమిస్తుంది, అందుకే ఇక్కడ దాని పని అంతంతమాత్రం. నష్టం లేదు, లాభమూ పెద్దగా లేదు.

బెల్లం సంగతి ఆసక్తికరమైనది. చెరువులో బెల్లమో మొలాసిసో వేసి బాక్టీరియాను పెంచి, దానితో నత్రజనిని లాగిస్తాం. పగడాల తొట్టిలో కూడా ఇదే సూత్రం ఉంది. వోడ్కా, వెనిగర్ చుక్కలు వేసేది అందుకే. సూత్రం ఒకటే అయినా చెరువులో ఏరేటర్లు తిరుగుతుంటాయి, తెల్లవారుజామున ప్రాణవాయువు కొలిచే మనిషి ఉంటాడు. హాల్లో ఉన్న 200 లీటర్ల తొట్టిలో రాత్రికి రాత్రి బాక్టీరియా పొంగి నీరు పాలలా మారితే పొద్దున చేపలు పైకి తేలి ఉంటాయి. పైగా నైట్రేట్, ఫాస్ఫేట్ ఒక్కసారిగా సున్నాకు పడితే డైనోఫ్లాజెలేట్లకు తలుపు తెరిచినట్లే. తొట్టికి ఏడాది నిండాక, మంచి స్కిమ్మర్ (నురుగుతో మలినాలను బయటికి లాగే పరికరం) ఉంటే అప్పుడు ఆలోచించండి.

జుట్టు నాచు బాగా పెరిగింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

చేతితో. ఇంతకంటే మంచి మందు లేదు. తీయగలిగిన రాతిని బయటికి తీసి, తొట్టి నీరు పోసిన బకెట్‌లో పెట్టి, పీకి, గట్టి బ్రష్‌తో రుద్ది, కడిగి, తిరిగి పెట్టండి. తొట్టిలోపల రుద్దితే ముక్కలు నాలుగు మూలలా నాటుకుంటాయి. బయటికి రాని రాతి దగ్గర పీకుతూనే సన్నపైపుతో పీల్చేయండి. నాచులో చిక్కుకున్న నైట్రేట్, ఫాస్ఫేట్ దానితోపాటే బయటికి పోతాయి. అదే చంపి వదిలేస్తే అవన్నీ తిరిగి నీటిలోకే వస్తాయి. మొండి మచ్చల మీద, రాయి బయట ఉన్నప్పుడే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, కడిగి పెట్టవచ్చు.

వారానికి ఒకసారి, పది శాతం నీరు మార్చండి. ఫాస్ఫేట్ 0.1 దాటి నిలబడితే ఐరన్ ఆక్సైడ్ గుళికలు చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. వెనుక సంప్‌లో (తొట్టికి కలిపిన ఫిల్టరు తొట్టిలో) జాగా ఉంటే కీటోమార్ఫా అనే చిక్కుదారం లాంటి నాచును లైటు పెట్టి పెంచడం నాకు ఇష్టమైన మార్గం. నాచును నాచుతోనే తినిపించినట్లు అవుతుంది. బ్రయాప్సిస్ అయితే ఫ్లూకొనజోల్ మందు పనిచేస్తుందన్నది నిజమే, కానీ అది చివరి అస్త్రం.

నాచు తినే నత్తలను బీచ్‌లో ఏరుకోవచ్చా?

వద్దు. మన ఇసుక ఒడ్డున దొరికే నత్తల్లో చాలావరకు ఆల్చిప్పలను తొలిచి తినేవి, కుళ్లిన మాంసం తినేవి. వాటికి మీ నాచు మీద మోజు లేదు. దుకాణంలో దొరికే చిన్న టర్బో, సెరిత్ నత్తలు, ఒకటి రెండు హెర్మిట్ పీతలు చాలు. పెద్ద ట్రోకస్, పెద్ద టర్బో జాతుల్లో కొన్ని వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, కాబట్టి జాతి పేరు అడిగి, రసీదు తీసుకోండి. ఒకేసారి యాభై కొనకండి. తినడానికి నాచు లేక పది రోజుల్లో చస్తాయి, ఆ కుళ్లుతో నాచు మళ్లీ వస్తుంది. 100 లీటర్లకు ఐదారుతో మొదలుపెట్టి చూడండి.

ఎర్రటి పొరను రోజూ తీస్తున్నాను, మర్నాటికి మళ్లీ వస్తోంది.

అది వచ్చే చోటు గమనించండి. రాతి వెనుక, మూలల్లో, ఇసుక మీద నీరు కదలని దగ్గరే వస్తుంది. వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) దిశ మార్చండి, అవసరమైతే రెండోది పెట్టండి. సన్నపైపుతో పొరను పీల్చేయండి, మేత తగ్గించండి, స్కిమ్మర్ కప్పు శుభ్రంగా ఉంచండి. ఇంత చేస్తే మూడు నాలుగు వారాల్లో తగ్గుతుంది. ఎరిత్రోమైసిన్ వేస్తే రెండు రోజుల్లో పోతుందని చెప్పేవారున్నారు. పోతుంది. కారణం అక్కడే ఉంటుంది కాబట్టి తిరిగి వస్తుంది. యాంటీబయోటిక్ అవశేషాలు దొరికి ఎగుమతి సరుకు వెనక్కి వస్తే ఏమవుతుందో చూసిన జిల్లా మనది. ఇంట్లో ఆ అలవాటు ఎందుకు?

డైనోఫ్లాజెలేట్లని మైక్రోస్కోపులో తేలింది. ఇప్పుడు?

పైన చెప్పిన సలహాలను తలకిందులు చేయండి. ఇవి విజృంభించేది సాధారణంగా నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయిన తొట్టిలోనే. పోటీదారులంతా ఆకలికి చస్తే ఇవి మిగులుతాయి. ఫాస్ఫేట్ గుళికలు తీసేయండి, నీటి మార్పిడి ఆపండి, మేత కొంచెం పెంచండి, నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 దగ్గరికి తీసుకురండి. రాత్రి నీటిలోకి తేలే జాతులైతే యూవీ దీపం బాగా పనిచేస్తుంది. మూడు రోజులు పూర్తిగా చీకటి ఉంచితే ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది, అంతే. ఆస్ట్రియోప్సిస్ వంటి కొన్ని విషం విడుస్తాయి. నత్తలు వరసగా చస్తుంటే ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. పచ్చటి నాచు మళ్లీ కనిపిస్తే సంతోషించండి. నేను ఆ రోజున ఇంట్లో అందరికీ చూపించాను, ఎవరికీ అర్థం కాలేదు.

పెన్న ఇసుక బాగా కడిగి వేయవచ్చా?

వేయవచ్చు, కానీ వేయను. అందులో క్వార్ట్జ్, అభ్రకం ఉంటాయి, పీహెచ్‌కు ఏ సాయమూ చేయవు. బీచ్ ఇసుకలో నల్లటి బరువు రేణువులు కూడా ఉంటాయి. అద్దం తుడిచే అయస్కాంతానికి అవి అంటుకుంటే అద్దం నిండా గీతలే. అరగొనైట్ అనే సున్నపు ఇసుక కొనండి.

సముద్రం నుంచి తెచ్చిన సజీవ శిల (సూక్ష్మజీవులు కాపురమున్న రాయి) అమ్ముతామంటున్నారు. దానితో నాచు తగ్గుతుందా?

తగ్గవచ్చు, కానీ ముట్టుకోవద్దు. రాతిపగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఆ శిల అంటే చాలాసార్లు విరిచి తెచ్చిన పగడపు దిబ్బే. కృత్రిమంగా చేసిన పొడిరాయి కొనండి, ఎవరి తొట్టి నుంచైనా గుప్పెడు పాత ఇసుక అడిగి వేయండి. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో అభివృద్ధి చేసింది. అలా పుట్టినవే అడగండి.

తుఫానుకు రెండు రోజులు కరెంటు పోయింది. తరువాత పది రోజులకు నాచు కమ్మేసింది.

రాళ్లలో, ఫిల్టరులో చాలా జీవులు ఊపిరాడక చచ్చి ఉంటాయి, ఆ ఎరువు ఇది. నవంబరు రాకముందే బ్యాటరీతో నడిచే గాలి పంపు కొనండి. ఇన్వర్టరు ఉంటే లైట్లు, హీటరు వదిలేసి, ఒక్క వేవ్‌మేకర్‌ను దానికి కలపండి. కరెంటు వచ్చాక డబ్బా ఫిల్టరులో నిలిచిన నీటిని తొట్టిలోకి పోనివ్వకుండా ముందు పారబోయండి. రెండు రోజులు మేత ఆపి, ఇరవై శాతం నీరు మార్చండి.

రాతి మీద గులాబీ రంగు మచ్చలు వచ్చాయి. గీకేయాలా?

గీకవద్దు! ఆరు నెలలుగా మనం ఎదురుచూస్తున్నది వాటి కోసమే. కొరలైన్ నాచు అది. అద్దం మీద వస్తే మాత్రం తుడుచుకోండి.

పగడాలు ఎప్పుడు పెట్టాలి?

అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చి, ఉప్పుశాతం, ఆల్కలినిటీ నెలపాటు కదలకుండా ఉంటే, కాస్త నాచు ఉన్నా సరే, జోయాంథస్, మష్రూమ్ వంటి మెత్తటివి ఒకటి రెండు పెట్టవచ్చు. పెంపకంలో పెరిగిన ముక్కలే తీసుకోండి. జోయాంథస్‌ను గ్లౌజు లేకుండా కోయడం, వేడినీటిలో వేయడం చేయకండి, వాటిలో తీవ్రమైన విషం ఉండవచ్చు.

తీసిన నాచును, పాత నీటిని ఎక్కడ పారబోయాలి?

నాచును ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టి చెత్తలో వేయండి. చెరువులోకో కాలువలోకో వదలవద్దు. నీటిని బాత్‌రూము తూములో పోయండి, పెరట్లో మాత్రం పోయకండి. నా మొదటి నీటి మార్పిడి రోజున రెండు బకెట్లు తీసుకెళ్లి, పోషకాలున్న నీరు కదా అని కరివేపాకు చెట్టు మొదట్లో పోశాను. ఇప్పటికీ తొట్టి ముందు కూర్చున్న ప్రతిసారీ మా ఇంట్లో ఆ చెట్టు ప్రస్తావన వస్తుంది.